నంద్యాల పీఠమున తొలి మహిళా బిషప్

ఒక పని స్త్రీ చేయగలదా అనునది ఒక ప్రశ్న. చేయనిత్తురా అనునది వేరొక ప్రశ్న. గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో కాపురముండువారికి ఈ భేదము బాగుగా తెలియును. 1952వ సంవత్సరపు గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించెను. ఉపరితలమున సైతము పగటివేళలకే వారి పనిని పరిమితము చేసెను. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆ కట్టుబాటును సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణోద్యోగములలోని స్త్రీలు, వ్రాతమూలకమైన సమ్మతితో, పగటివేళ గనిలోనికి దిగుటకు అనుమతించెను. ఆ ద్వారము తెరచుకొనుటకు 67 సంవత్సరములు పట్టెను.

అంతకంటె ఎన్నో రెట్లు చిరకాలము స్త్రీకి మూసియుండిన ద్వారము మరియొకటి కలదు. అది క్రైస్తవ సంఘములో గురుత్వమునకు, బిషప్ పదవికి పోవు ద్వారము. దక్షిణ భారత సంఘములో ఆ ద్వారమును మొదట దాటిన స్త్రీ తెలుగు వనిత. ఆమెయే ఎగ్గోని పుష్పలలిత.

ఈ పదవి ఎట్టిదో ముందుగా తెలిసికొనుట యుక్తము. ఆ సంఘమున గురుసేవకు మూడు మెట్లు కలవు. మొదటిది డీకను. రెండవది ప్రెస్బిటరు; ప్రభుభోజన సంస్కారమును నడపు అధికారము ఈ మెట్టుననే లభించును. మూడవది బిషప్. ఒక మండలములోని సంఘములన్నిటిని కనిపెట్టి చూచుట, క్రొత్త గురువులకు అభిషేకమొసగుట బిషప్ విధులు. కనుక స్త్రీ బిషప్ అగుట యనగా ఉన్నతోద్యోగము లభించుట మాత్రమే కాదు. అంతవరకు పురుషుని చేతనే అభిషేకము పొందుచుండిన పురుషులు, ఇకమీదట ఒక స్త్రీ యెదుట మోకరించి ఆ అభిషేకమును పొందవలసియుండును.

ఈ కథకు సింగరేణి బొగ్గుతో కొంత చుట్టరికమున్నది. ఇల్లందు బొగ్గును తరలించుటకు వేసిన రైలుమార్గము ప్రధానమార్గమును కలిసికొను కూడలి దోర్నకల్. తిరునెల్వేలి సీమనుండి మిషనరీగా వచ్చిన వి. ఎస్. అజరయ్య ఈ దోర్నకల్‌కే 1912 డిసెంబరు 29న బిషప్‌గా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన తొలి భారతీయుడాయన. దొరలు తప్ప అన్యులు కూర్చుండరాదని తలచిన పీఠమున ఒక భారతీయుడు కూర్చుండెను. కాలక్రమమున ఆ మండలము విస్తరించి, నంద్యాల ప్రాంతపు సంఘములును అందు చేరినవి.

అజరయ్య క్రైస్తవ శాఖల ఐక్యతకై పాటుపడి, 1945 జనవరి 1న గతించెను. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయములవారు ఏకమై దక్షిణ భారత సంఘమును స్థాపించిరి. కాని నంద్యాలలోని ఆంగ్లికనులలో అధికులు అందు చేరలేదు. బిషప్ చేతి అభిషేకము లేని గురువులను తమ గురువులుగా అంగీకరించుటకు ప్రాచీన మర్యాదను పాటించు పక్షమువారికి మనసొప్పలేదు. నంద్యాల 1963లో ప్రత్యేక మండలమయ్యెను. 1975లో గాని దక్షిణ భారత సంఘమున కలియలేదు.

స్త్రీల గురుత్వము సైతము లోకమున ఇట్టి సందేహముల నడుమనే సాగినది. 1944లో, యుద్ధకాలపు చైనాలో గురువులు కరవైన తరుణమున, హాంగ్‌కాంగ్ బిషప్ ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్ అను మహిళకు అభిషేకమొసగెను. యుద్ధానంతరము పెద్దలు అభ్యంతరము చెప్పగా, ఆమె 1946లో గురువృత్తిని విరమింపవలసివచ్చెను. మన దక్షిణ భారత సంఘమున 1976లో ఎలిజబెత్ పాల్ తొలి మహిళా గురువయ్యెను. 1989లో అమెరికాలోని బోస్టనునందు బార్బరా హారిస్ అభిషిక్తురాలై, ఆంగ్లికన్ ప్రపంచమున తొలి మహిళా బిషప్ అయ్యెను.

పుష్పలలిత 1956లో కర్నూలు జిల్లా దిగువపాడు గ్రామమున జన్మించెను. ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివి, 1983లో డీకనుగాను, 1984లో ప్రెస్బిటరుగాను అభిషేకము పొందెను. అటుపిమ్మట 29 సంవత్సరములు గురుసేవ యందు గడచినవి. 2013 సెప్టెంబరు 30న, నంద్యాల హోలీ క్రాస్ కెథడ్రల్‌లో, నాటి మాడరేటరు జి. దేవకటాక్షం ఆధ్వర్యమున ఆమె బిషప్‌గా అభిషిక్తురాలయ్యెను. అప్పటికి ఆమె వయస్సు 56 సంవత్సరములు.

ఇందలి విశేషము గమనింపదగినది. ప్రాచీన మర్యాద చెడునేమో యని 28 సంవత్సరములు వెలుపల నిలిచిన నంద్యాలయే, ఆ సంఘములోని మండలములన్నిటికంటె ముందుగా స్త్రీని తన బిషప్‌గా స్వీకరించెను. ఇంగ్లండు సంఘమున తొలి మహిళా బిషప్ లిబీ లేన్ 2015 జనవరి 26న అభిషిక్తురాలయ్యెను. పందొమ్మిదవ శతాబ్దమున నంద్యాల సీమకు ఆంగ్లికన్ మతమును తెచ్చినవారు ఇంగ్లండు మిషనరీలు. పాఠము నేర్పినవారికంటె నేర్చుకొన్నవారు ఈ విషయమున పదునారు నెలలు ముందుండిరి.

తెలుగు పల్లెలలోని సంఘములలో పాస్టరును అయ్యగారనియు, ఆయన భార్యను అమ్మగారనియు పిలుచుట వాడుక. ఆ అమ్మగారు రోగులను పరామర్శించును, స్త్రీల ప్రార్థనకూటమును నడపును, ఇంటింటి కష్టసుఖములు విచారించును. సేవ ఆమెది, పదవి ఆయనది. పుష్పలలిత అభిషేకముతో ఆ రెండును ఒక్కచో చేరినవి. ఆమెకు ఆ పదవి భర్త మూలమున వచ్చినది కాదు. అభిషేకము వలన వచ్చినది.

1976లో స్త్రీ గురువయ్యెను. బిషప్ అగుటకు మరి 37 సంవత్సరములు పట్టెను. నియమము మారిన దినమున అలవాటు మారదు. అర్హత గల స్త్రీలు ఏండ్ల తరబడి పల్లె సంఘములలో పనిచేసి, జనులకు వారిని చూచుట అలవాటైన పిమ్మటనే పీఠము వారికి దక్కినది. ఒక స్త్రీ ఆ పీఠమెక్కుట చరిత్రలో ఒక తేదీ. రెండవ స్త్రీ, మూడవ స్త్రీ ఎక్కునప్పుడు దానిని ఎవరును వింతగా చెప్పుకొనకుండుటయే ఆ తేదీకి సార్థక్యము.