ఆదివారపు తెర

మన సంఘ సంచికకు చరిత్ర విషయముపై ఒక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, సెల్యులర్ జైలును గూర్చియో, 1943 డిసెంబరులో నేతాజీ ఇచ్చట జెండా ఎగురవేసిన ఘట్టమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ విషయములను పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. నేనెన్నుకొన్నది మిక్కిలి సామాన్యమైనది. ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు ఒక తెర యెదుట కూర్చుండు అలవాటు ఎచ్చట మొదలైనది, సముద్రము దాటి ఈ దీవులకెట్లు చేరినది, చేరి మన యిండ్లలోని తెలుగునేమి చేసినది అనునదే నా ప్రస్తావము. రాజుల కథ కాకున్నను ఇదియు చరిత్రయే.

పోర్ట్ బ్లెయిర్ రేవునకు ఎదురుగా (2024 సెప్టెంబరు నుండి ఈ పట్టణమునకు శ్రీ విజయపురమని పేరు) రాస్ ద్వీపము కలదు. 2018 నుండి దానిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమనుచున్నారు. 1858లో ఇచ్చట ఖైదీల వలసను నెలకొల్పిన ఆంగ్లేయులు తమ కాపురమునకు ఆ చిన్న దీవిని ఎన్నుకొనిరి. చెట్ల వేళ్లు పెనవేసుకొన్న చర్చి గోడలు నేటికిని అచ్చట నిలిచియున్నవి. ఆ దొరలకు ఆదివారమనగా ప్రార్థన, పిదప విశ్రాంతి. మన దేశపు శ్రామికునకు ఆ విశ్రాంతి ఊరక లభింపలేదు. నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున ఏండ్ల తరబడి పోరాడిన పిమ్మట 1890లో గాని బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు దక్కలేదు. సెలవు చేతికి వచ్చిన తరువాత దానిని ఎట్లు గడుపవలె నను ప్రశ్న పుట్టును. దానికి తెరపై సమాధానము చెప్పిన వారిలో ఆంగ్లేయులు ముందువారు.

బి.బి.సి.కి తొలి డైరెక్టర్ జనరల్ అయిన జాన్ రీత్ మతనిష్ఠ గలవాడు. ఆదివారము వినోదమునకు కాదని ఆయన గట్టి నమ్మకము. అందుచేత నాటి ఆదివారపు రేడియోలో ప్రార్థనలును, గంభీరమైన సంగీతమును, ఉపన్యాసములును తప్ప వేరొండు దొరకుట అరుదు. శ్రోతలు ఊరకుందురా? 1933లో ఆంగ్ల ప్రసారములు ప్రారంభించిన లక్సెంబర్గ్ కేంద్రము వైపు మీటను త్రిప్పుకొనిరి. బి.బి.సి. టెలివిజన్ 1936 నవంబరు 2వ తేదీన మొదలైనది. తొలుత ఆదివారమునాడు తెర చీకటిగానే యుండెను. 1938లో గాని ఆనాటి ప్రసారములు ఆరంభము కాలేదు. 1939 సెప్టెంబరు 1న యుద్ధము కారణముగా అంతయు ఆగి, 1946 జూన్ 7న తిరిగి సాగినది.

1950వ దశకమునకు ఆంగ్లేయుల ఆదివారము మన పెండ్లి విస్తరివలె నిండినది. మధ్యాహ్నపు వేళ రైతునకు వ్యవసాయ కార్యక్రమము, చదువుకొన్నవారికి పండితుల చర్చాగోష్ఠి, తేనీటి వేళ పిల్లలతో కూడి చూచుటకు డికెన్స్ వంటి వారి నవలల ధారావాహికలు. సాయంకాలము ఆరు దాటిన పిదప గంటకు పైగా తెరను మతమునకు విడిచిపెట్టవలెనను కట్టుబాటు ఉండెను. ప్రజలు చర్చికి పోవు వేళ వినోదము పోటీకి రాకూడదని దీని ఉద్దేశము. 1955 సెప్టెంబరులో ఐ.టి.వి. అను వాణిజ్య సంస్థ పుట్టి, ఆ నెల 25వ తేదీ ఆదివారము రాత్రియే లండన్ పలేడియం రంగస్థలము నుండి ఆటపాటల ప్రదర్శనమును ఇండ్లకు పంపినది. బి.బి.సి. 1961 అక్టోబరులో భక్తగణముల గానముతో నొక కార్యక్రమమును మొదలిడి, దానిని నేటికిని నడుపుచున్నది. చర్చికిని తెరకును నడుమనున్న ఈ ఒప్పందము ఎంతకాలము నిలుచును? గాల్స్‌వర్దీ నవలలను ఇరువదియారు భాగములుగా తీసిన ‘ఫోర్సైట్ సాగా’ 1968లో ఆదివారపు రాత్రులు పునఃప్రసారమైనప్పుడు, కొన్ని చోట్ల చర్చివారే తమ సాయంకాల ప్రార్థన వేళను మార్చుకొనిరట.

ఈ విస్తరిలో మనవారికి కూడ ఒక మూల వడ్డన జరిగినది. బ్రిటనుకు వలస వచ్చిన భారత, పాకిస్తానీ కుటుంబముల కొరకు 1965 అక్టోబరులో బి.బి.సి. ‘అప్నా హీ ఘర్ సమఝియే’ అను కార్యక్రమమును ఆదివారము ఉదయమున ప్రారంభించినది. 1968లో దాని స్థానమున ‘నయీ జిందగీ నయా జీవన్’ వచ్చినది. ఆ భాష హిందూస్తానీ. పరదేశమున మన వేషమును, మన పాటను తెరపై చూచి తెలుగు కుటుంబములు కూడ సంతసించియే యుండును. కాని ఆ తెర పలికిన పలుకు వారి యింటి పలుకు కాదు. పెద్దలు పిల్లలకు అర్థము చెప్పవలసినదే. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. అండమానులో మాకు జరిగినది దీనికి తలక్రిందులు.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా ఆరంభమైనది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము అమెరికా ఉపగ్రహ సహాయమున ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. 1977 అక్టోబరులో హైదరాబాదు కేంద్రము వెలసినది. ఈ దీవులకో, విశాఖ నుండి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము అడ్డము. టెలివిజన్ తరంగము తిన్నగా పోవునే గాని భూమి వంపు వెంట వంగదు. నేలపైనైన స్తంభము వెంట స్తంభము నాటి దానిని అందించవచ్చును. నడిసముద్రమున స్తంభమెవరు నాటగలరు? ఆకాశము నుండి దిగవలసినదే. 1983 ఆగస్టు 30న పైకి వెళ్లిన ఇన్సాట్-1బి మాకు ఆ దారి చూపినది.

అంతకుముందు ఇచ్చటివారికి రేడియోయే దిక్కు. పోర్ట్ బ్లెయిర్ ఆకాశవాణి కేంద్రము 1963 జూన్‌లో వెలసినది. 1970వ దశకమున గుమాస్తాగా ఓడ దిగిన మా నాన్నగారు రాత్రి భోజనమైన పిదప రేడియోను కిటికీలో పెట్టి విశాఖపట్నమును, విజయవాడను వెదకెడివారు. మధ్యతరంగములు రాత్రివేళ సముద్రముపై దూరము పోవును, పగలు పోవు. కావున న్యాపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, అనగా రేడియో అన్నయ్య అక్కయ్యలు, తెలుగుదేశపు పిల్లలకు పంచిన పగటి ‘బాలానందము’ మా పాలికి రాలేదు. అది పెద్దలు చెప్పగా విన్న పేరు మాత్రమే.

ఇక మా ఆదివారములు. ఈ దీవులు మన దేశ కాలమానమునకు ఆధారమైన రేఖకు పది డిగ్రీలు తూర్పున నున్నవి. గడియారము ఒకటియే గాని సూర్యుడు మాకు నలుబది నిమిషములు ముందుగా వచ్చును. ఢిల్లీవారు దుప్పటి తీయకమున్నే మా క్వార్టర్లలో తలంటులు ముగియును, జంగ్లీఘాట్ నుండి చేపలు వచ్చును. వరుసకంతకును ఒక్క టెలివిజన్ పెట్టె. అది ఎదురింటి బాబాయిగారిది. 1987 జనవరి 25న రామానంద సాగర్ ‘రామాయణ్’ మొదలైననాడు నాకు ఏడేండ్లు. తొమ్మిదిన్నరకు ముందే చాపలు పరచి, పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి, పిన్నిగారు హారతి యిచ్చెడివారు. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ నుండి వచ్చినవారు, అందరును ఆ ఒక్క గదిలోనే. గాలికి యాంటెన్నా త్రిప్పుటకు ఒకడు డాబాపై నుండవలెను. ఆ ఉద్యోగము వంతులవారీగా మాది.

మా నాయనమ్మ శ్రీకాకుళము జిల్లా సముద్రపు ఒడ్డున పుట్టినది. హిందీ ముక్క రాదు. నాకో, బడిలోను వీధిలోను హిందీయే కాబట్టి తెలుగుకంటె అదియే నోట తిరుగుచుండెను. తెరపై సంభాషణ సాగుచుండగా నేను ఆమె చెవిలో తెలుగు చేయవలెను. ఈ పనిని అదివరకు ఎన్నడును ఎరుగను. ‘వనవాస్’ అనగా అడవిలో ఉండుట అని చెప్పగా, “అరణ్యవాసమనాలిరా” అని దిద్దెడిది. నాకు రాని మాటలు ఆమె వద్దను, ఆమెకు రాని కథాభాగము నా వద్దను ఉండెడివి. ఒకనాడు రాముడు, సీత, లక్ష్మణుడు అయోధ్య విడిచిపోవు భాగము ముగిసినది. అందరును కన్నీరు తుడుచుకొని లేచుచుండిరి. నాయనమ్మ లేవలేదు. “ఊర్మిళ నిద్రేదిరా? చూపించడా?” అని అడిగినది. మన స్త్రీలు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పాట యొకటి గలదనియు, మగడు అడవిలో నున్న పదునాలుగేండ్లును ఆమె నిద్రించెనను కథ ఒక వాల్మీకిలో లేదనియు నాకు అప్పుడేమి తెలియును? “టీవీలో లేదు నాయనమ్మా” అంటిని. “అయితే ఈయన రామాయణం సగమే” అని తేల్చి, ఆ రాత్రి వరండాలో ఆ పాటంతయు పాడినది. బెంగాలీ పొరుగింటావిడ కూడ వచ్చి కూర్చుండినది. నా తెలుగులో సగము ఆ ఆదివారపు రాత్రులలో వచ్చినదే యని నేను నిస్సంశయముగా చెప్పగలను.

‘రామాయణ్’ 1988 జూలై 31న ముగిసినది. ఆ అక్టోబరు 2 నుండి బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ వచ్చి, తొంబదినాలుగు భాగములు నడిచి, 1990 జూన్‌లో ముగిసినది. ఆ సంవత్సరమే బి.బి.సి. రెండవ ఛానలు దానిని బ్రిటనులో చూపినది. ఒకనాడు హిందూస్తానీలో క్షేమసమాచారములు చెప్పిన సంస్థ తుదకు మన ఇతిహాసమునే ప్రసారము చేయుట నాకు ముచ్చట గొల్పును. మా యింట మధ్యాహ్నము మరియొక నిరీక్షణముండెను. వివిధ భాషల చలనచిత్రములను వంతులవారీగా ఆదివారము మధ్యాహ్నము దూరదర్శన్ చూపుచుండెను. అస్సామీ, ఒరియా, మణిపురి, ఏదైనను మేము చూచితిమి. నేటికిని నాకు సత్యజిత్ రాయ్‌పైని, అదూర్ గోపాలకృష్ణన్‌పైని గల గౌరవము ఆ మధ్యాహ్నముల పెట్టుబడియే. కాని తెలుగు వంతు వచ్చుటకు నెలలు పట్టెడిది. వచ్చిననాడు క్వార్టర్లలోని తెలుగువారందరును పండుగకు వచ్చినట్లు వచ్చెడివారు. ఒకమారు సరిగా ఆ పూటనే కరెంటు పోయినది. నాన్నగారు ఆనాడు భోజనము చేయలేదు. పెద్దవాడనైన పిదప గాని ఆయన కోపము కరెంటుపై కాదని నాకు తోచలేదు.

1995లో తెలుగు ఉపగ్రహ ఛానళ్లు వచ్చినవి. డాబాలపై గొడుగులవంటి డిష్‌లు లేచినవి. కోరినప్పుడెల్ల తెలుగు లభింప సాగినది. ఎవరి యింటి పెట్టె వారిదే అయినది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి పదుమూడు మందికి మాతృభాష తెలుగు. అందరి యిండ్లకును తెలుగు ధారాళముగా వచ్చినది. కాని చెవిలో తెలుగు చేయుమని నన్ను అడుగువారు లేకపోయిరి. నాయనమ్మ కూడ సీరియళ్లలో మునిగినది. ఆమెను తప్పుపట్టను. పదేండ్లు పరభాష చూచిన ముసలి ప్రాణము.

మరియొక ఆదివారమును చెప్పక తీరదు. 2004 డిసెంబరు 26. ఉదయము ఆరున్నర గంటల వేళ భూమి కంపించి, సముద్రము పైకి వచ్చినది. నేనప్పుడు ఉద్యోగములో క్రొత్తగా చేరి ఢిల్లీలో ఉంటిని. మా వారందరును పోర్ట్ బ్లెయిర్‌లో. ఫోను కలియదు. అంతవరకు దీవులు దేశమును చూచుచుండెను. ఆనాడు దేశము దీవులను చూచినది. కార్ నికోబార్ పేరు అదివరకెరుగని వార్తాపఠకులు దానిని వణకు గొంతుతో పలికిరి. గది మిత్రులతో ఉదయము నుండి రాత్రివరకు తెర యెదుటనే కూర్చుంటిని. శ్రీకాకుళములోని మా బంధువులును అట్లే తెలుగు ఛానళ్ల యెదుట, తెర అడుగున పరుగెత్తు అక్షరములలో ఊరి పేర్లు వెదకుచు కూర్చుండిరట. మూడవనాడు నాన్నగారి గొంతు వినబడినది. “అందరం ఉన్నాం. పెట్టె తడిసింది” అని మాత్రము చెప్పిరి.

2020లో నేను ఉద్యోగరీత్యా ఈ పట్టణముననే ఉంటిని. మార్చి 28 నుండి లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ‘రామాయణ్’ను తిరిగి చూపినది. అప్పటికింకను ఇచ్చటి ఇంటర్నెట్ ఉపగ్రహముపై ఆధారపడి నత్తనడక నడచుచుండెను. ఫోనులో బొమ్మ కదలదు. అందుచేత మా అమ్మాయి గత్యంతరము లేక ఫోను క్రింద పెట్టి పెట్టె యెదుట కూర్చుండినది. ఎనుబది దాటిన పిన్నిగారు ముఖమునకు గుడ్డ కట్టుకొని ఎదురింటి నుండి వచ్చి గుమ్మముకడ కుర్చీ వేసికొనిరి. చదువరులు నవ్వుదురేమో, కొన్ని వారములు మా యింట 1987 తిరిగి వచ్చినది. అయోధ్య విడుచు భాగము ముగియగనే అమ్మాయిని, “ఊర్మిళ ఏమైందో తెలుసా?” అని అడిగితిని. తెలియదన్నది. నాయనమ్మ పాట నాకు మొదటి నాలుగు చరణములకు మించి జ్ఞాపకము రాలేదు. మిగిలినది మా అమ్మ అందుకొనినది.

ఆ ఆగస్టు 10న మద్రాసు నుండి సముద్రగర్భమున వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైనది. మరునాటినుండి అమ్మాయి ఫోనులో బొమ్మలు కదలసాగినవి. అమ్మ పాడిన పాటను ఆమె ఆ ఫోనులోనే పట్టుకొనియున్నది. మధ్యలో పిన్నిగారి దగ్గును, వీధిలో కుక్క అరుపును ఉన్నవి.