కనుమ దారి, రైలు దారి: నిర్మల ఘట్టం నుంచి జనగామ దాకా

హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే రహదారి ఉత్తరాభిముఖంగా సాగి, గోదావరి దాటి, నిర్మల వద్ద కొండల్లో ప్రవేశిస్తుంది. రైలు మాత్రం తొలుత తూర్పునకు తిరిగి, జనగామ మీదుగా కాజీపేట చేరి, అక్కడి నుంచి ఉత్తరానికి మళ్లుతుంది. గమ్యం ఒకటే అయినా దారులు ఇంత దూరంగా విడిపోవడానికి కారణం నిర్మల కనుమలో కొంత, గోదావరి లోయ భూగర్భంలో ఎక్కువగా ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదన.

రైలుకు పూర్వం కనుమదారే రాజమార్గం. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు విడిచి నిర్మల, ఆదిలాబాదుల మీదుగానే నాగపూరు చేరాడు. పల్లకీ మోసే బోయీలకు ఎక్కుడు కష్టమే గాని అసాధ్యం కాదు. ఉప్పు, ధాన్యం వీపున మోసుకొని నడిచే లంబాడీల పెరిక ఎడ్లకూ అంతే. కాలినడకకు, డెక్కకు లొంగిన వాలు ఇనుప చక్రానికి లొంగదు. నున్నని పట్టాపై నున్నని చక్రం పట్టు జారకుండా నిలవాలంటే దారి దాదాపు సమతలంగా ఉండాలి. నూరు అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగితేనే ఇంజనుకు భారం. బొంబాయి–పూనాల మధ్య బోర్‌ఘాట్‌లో 37 అడుగులకు ఒక అడుగు వాలుతో, సొరంగాలు తొలిచి 1863లో మార్గం తెరిచారు. 1874లో వాడి–సికింద్రాబాదు మార్గం వచ్చాక బొంబాయికి బయలుదేరిన హైదరాబాదీ ఆ ఘాట్ దిగియే బొంబాయి చేరేవాడు. అంటే ఘాట్ మీద రైలు నడపడం ఆనాటికి తెలియని విద్య కాదు. బొంబాయి రేవు వర్తకం ఆ వ్యయాన్ని భరించింది. నిర్మల కొండల వెనుక అంతటి వర్తకం లేదు.

తూర్పున బొగ్గు ఉంది. చాందా నుంచి గోదావరి వెంట ఆగ్నేయంగా సాగే గోండ్వానా శిలల పట్టీయే వరోరా, బెల్లంపల్లి, ఇల్లెందు గనులకు ఆధారం. ఆ శిలలు మెత్తనివి. నదులు వాటిని అరగదీసి విశాలమైన లోయను మలిచాయి. బొగ్గును దాచిన నేలయే రైలుకు చదును దారినీ ఇచ్చిందన్న మాట. హైదరాబాదు నుంచి వరంగల్లు మీదుగా చాందాకు రైలు వేయాలన్న ఆలోచనకు ఈ రెండు ప్రయోజనాలూ కలిసివచ్చాయి.

అయితే ఆ ఆలోచన ఖజానా ప్రశ్నగా మారింది. లండనులో ఏర్పడే కంపెనీ పెట్టుబడికి నిజాం ప్రభుత్వం ఏటా నూటికి 5 వంతున 20 ఏళ్లు వడ్డీ పూచీ పడాలి. షరతులేమిటో ప్రజలకు తెలపాలని 1883లో అఘోరనాథ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ప్రభృతులు అడిగారు. దానికి ప్రతిఫలం రాజ్యబహిష్కరణ. హైదరాబాదు సంస్థానంలో ఆధునిక ప్రజాభిప్రాయానికి తొలి రూపాల్లో ఒకటైన ఈ చాందా రైల్వే ఆందోళనను మన చరిత్రగ్రంథాలు రాజకీయ చైతన్యం కింద మాత్రమే చర్చిస్తాయి. అది ఏ దారి గురించిన వివాదమో చెప్పడం అరుదు. జనగామ మీదుగా పోయే పట్టాల గురించిన వివాదమది!

ఒప్పందం మాత్రం ఆగలేదు. 1886లో రైలు జనగామ మీదుగా వరంగల్లు చేరింది. 1889లో మానుకోట, డోర్నకల్ దాటి బెజవాడను అందుకుంది. డోర్నకల్ శాఖ సింగరేణి బొగ్గుకు ద్వారమైంది. అసలు సంకల్పమైన చాందా వైపు మార్గం మాత్రం నాలుగు దశాబ్దాలు ఆగింది. కాజీపేట–బల్లార్షా లంకె 1929 నాటికి పూర్తయి మద్రాసు–ఢిల్లీ దారి సూటిగా కలిసింది. పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాదు రోడ్ స్టేషన్ల క్రమం చూస్తే పట్టాలు ఆ లోయనే అనుసరించినట్టు స్పష్టమవుతుంది. నిర్మల కొండలు పడమట దూరాన మిగిలాయి.

కనుమను మోటారు ఆదుకొంది. 1932లో నిజాం రైల్వేయే 27 బస్సులతో రహదారి రవాణా విభాగాన్ని ఆరంభించింది. పట్టా పోలేనిచోటికి రబ్బరు చక్రం పోగలదు. వంపుల మీద వంపులు తిరిగి మహబూబ్ ఘాట్ ఎక్కగలదు. ఆరవ నిజాం పేరు ఇటు ఘాట్‌కూ, అటు మానుకోట రైలుస్టేషనుకూ ఉండడం ఒక చిత్రం. ఆదిలాబాదుకు రైలు వచ్చినా అది నిర్మల కనుమ ఎక్కి రాలేదు. పడమటి నుంచి, ముద్ఖేడ్ మీదుగా వచ్చింది. నేటికీ ఆదిలాబాదు నుంచి హైదరాబాదుకు రైలెక్కినవారు మహారాష్ట్రలోకి వెళ్లి తిరిగి తెలంగాణలో ప్రవేశిస్తారు.

లోయ ఉంటే రైలు దానంతట అదే వస్తుందన్న నిర్ణయానికి రావడం మాత్రం తొందరపాటు. భూపాలపల్లి ఆ గోండ్వానా పట్టీలోనే ఉంది. అక్కడ ఎక్కవలసిన కనుమ లేదు, సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో ఆ బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం ఉంది. పట్టణానికి ప్రయాణికుల రైలు లేదు. ఢిల్లీకి పోవలసినవాడు ఇప్పటికీ బస్సులో వరంగల్లుకో కాజీపేటకో చేరి అక్కడ రైలెక్కుతాడు.