ఎనిమిది ఏప్రిల్ ఓటములు

1969 ఏప్రిల్ 8. న్యూయార్క్‌లోని షే స్టేడియంలో 44 వేలమందికి పైగా జనం కూర్చున్నారు. మెట్స్ బేస్‌బాల్ జట్టుకు అది ఎనిమిదో సీజన్. అప్పటిదాకా ఆడిన ఏడు సీజన్లలో ఒక్కసారి కూడా మొదటి మ్యాచ్ గెలవలేదు. ఈసారి మాత్రం ఎదుట నిలిచింది మాంట్రియల్ ఎక్స్‌పోస్. కెనడా నుంచి మేజర్ లీగుల్లోకి అడుగుపెట్టిన మొట్టమొదటి జట్టు అది, దాని జీవితంలో తొలి ఆట ఆ రోజే. మెట్స్ తరఫున బంతి అందుకున్నవాడు 24 ఏళ్ల టామ్ సీవర్, జట్టులోకెల్లా గొప్ప పిచర్, అంటే బంతి విసిరేవాడు. గెలవడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఇంకెప్పుడు వస్తుందని అభిమానులు ఆశపడితే అందులో అత్యాశ ఏమీ లేదు.

ఎక్స్‌పోస్ జట్టు చరిత్రలో తొలి హోమ్ రన్, అంటే బంతిని మైదానం దాటించే దెబ్బ, ఆ రోజే పడింది. కొట్టింది బ్యాటింగ్‌లో ఆరితేరినవాడు కాదు, డాన్ మెక్‌గిన్ అనే పిచర్. అదీ సీవర్ బంతి మీద. చివరి ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి మెట్స్ 11-6తో వెనకబడింది. అక్కడి నుంచి నాలుగు పరుగులు రాబట్టింది. డఫీ డయ్యర్ మూడు పరుగుల హోమ్ రన్ బాదినప్పుడు స్టేడియం దద్దరిల్లింది. ఇంకొక్క పరుగు వస్తే సమం. అది రాలేదు. 11-10.

ఎనిమిది సీజన్లు, ఎనిమిది ప్రారంభ మ్యాచులు, ఎనిమిది ఓటములు.

లెక్క ప్రకారం చూస్తే ఇది పెద్ద విషయం కాదు. బేస్‌బాల్ సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచులు ఆడుతుంది. ఛాంపియన్లు కూడా అందులో అరవై దాకా ఓడిపోతారు. జూన్‌లోనో జులైలోనో ఇలాంటి ఓటమి వస్తే రెండో రోజుకల్లా మరిచిపోతారు. కానీ ఏప్రిల్ సంగతి వేరు. అక్టోబరులో ఆట ఆగిపోతుంది. ఆపైన మంచు, చీకటి, ఐదారు నెలల ఎదురుచూపు. ఎవరిని కొన్నారు, ఎవరిని అమ్మేశారు, కొత్త కుర్రాడు ఎలా ఆడతాడు అన్న ఊహలతోనే చలికాలమంతా గడుస్తుంది. ఆ ఊహలన్నీ తొలిసారి పరీక్షకు నిలిచేది మొదటి మ్యాచ్‌లోనే. అందుకే ఆ ఓటమి ఒక్క ఆటతో పోయేది కాదు, చలికాలమంతా కూడబెట్టుకున్న ఆశకు తగిలే దెబ్బ.

మెట్స్ అభిమానులకైతే ఆ ఎదురుచూపు ఇంకా పాతది. 1957 సీజన్ ముగిశాక బ్రూక్లిన్ డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కు, న్యూయార్క్ జెయింట్స్ శాన్ ఫ్రాన్సిస్కోకు తరలిపోయాయి. తాతల కాలం నుంచి వెన్నంటి ఉన్న రెండు జట్లు ఒకేసారి ఊరు విడిచిపోతే ఎలా ఉంటుందో ఆ నగరానికి తెలిసొచ్చింది. నగరంలోని మూడో జట్టు యాంకీస్ మిగిలే ఉన్నా, డాడ్జర్స్ అభిమాని యాంకీస్ జెండా పట్టడమనేది జరిగే పని కాదు. విలియం షే అనే లాయరు పూనుకుని తిరిగితే చివరికి 1962లో మెట్స్ పుట్టింది. డాడ్జర్స్ నీలం, జెయింట్స్ నారింజ రెండూ దాని రంగులయ్యాయి. ఆటగాళ్లు మాత్రం మిగతా జట్లు తమకు అక్కర్లేదనుకుని జాబితాలో పెట్టినవాళ్లు. మెట్స్ అన్నేళ్లు ఎందుకు ఓడిందో అర్థం కావాలంటే ముందు ఆ జాబితాను చూడాలి. కొత్త జట్టుకు మంచివాళ్లు దక్కకుండా ఆ పద్ధతిని పాత జట్లే కట్టుదిట్టం చేసుకున్నాయి.

తొలి మ్యాచ్ సెయింట్ లూయిస్‌లో, అక్కడి కార్డినల్స్ జట్టుతో. ఏప్రిల్ 10న వాన పడి ఆగిపోయింది, మర్నాడు ఆడారు. మొదటి ఇన్నింగ్స్‌లోనే మెట్స్ పిచర్ రోజర్ క్రెయిగ్ బంతి విసరబోతూ చేతిలోంచి జారవిడిచాడు. నిబంధన ప్రకారం మూడో బేస్‌లో ఉన్న ప్రత్యర్థికి ఒక పరుగు ఊరికే దక్కింది. కార్డినల్స్ ఆటగాడు, 41 ఏళ్ల స్టాన్ మ్యూజియల్ మూడుసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లూ హిట్ కొట్టాడు. కార్డినల్స్ 11, మెట్స్ 4. మెట్స్ చరిత్రలో తొలి హోమ్ రన్ ఆ ఓటమిలోనే గిల్ హాడ్జెస్ కొట్టాడు. సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లలో బ్రూక్లిన్‌కు దక్కిన ఒకే ఒక్కదానిలో, 1955 చివరి మ్యాచ్‌లో, డాడ్జర్స్ చేసిన రెండు పరుగులూ అతని చలవే. మర్నాడు న్యూయార్క్ ఆ ఓడిన జట్టునే బ్రాడ్‌వే వీధిలో ఊరేగించింది. ఆ తర్వాత మెట్స్ ఇంకో ఎనిమిది మ్యాచులు వరసగా ఓడి, ఏప్రిల్ 23న తొలి గెలుపు చూసింది. సీజన్ చివరికి 40 గెలుపులు, 120 ఓటములు.

1963లో మొదటి రోజు 7-0తో మళ్లీ సెయింట్ లూయిస్ చేతిలోనే ఓటమి. 1964లో ఫిలడెల్ఫియా, 1966లో అట్లాంటా, 1967లో పిట్స్‌బర్గ్. వీటిని భరించవచ్చు. మనసు నొప్పించేవి తక్కిన రెండు. 1965లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌కు వచ్చి 6-1తో ఓడించి వెళ్లింది ఎవరో కాదు, ఊరు విడిచిపోయిన డాడ్జర్స్. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య కారణంగా సీజన్ ఆలస్యంగా మొదలైంది. అప్పుడు చివరి ఇన్నింగ్స్ దాకా ముందున్న సీవర్ జట్టును 5-4తో ఓడించింది శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్. విడిచిపోయిన రెండు జట్లూ సీజన్ తొలిరోజునే ఇలా ఓడించడం పాత బ్రూక్లిన్, మన్‌హటన్ అభిమానులకు ఎంత బాధ కలిగించి ఉంటుందో స్కోరు పట్టికలో కనిపించదు.

అయినా వాళ్లు రావడం మానలేదు. ఈ కథలో అన్నిటికంటే అబ్బురపరిచేది అదే. 1964లో మెట్స్ 109 మ్యాచులు ఓడి పదిలో పదో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది వాళ్ల కొత్త షే స్టేడియానికి వచ్చినవాళ్లు 17 లక్షల పైచిలుకు. అదే నగరంలో తమ లీగ్‌లో విజేతలైన యాంకీస్‌కు వచ్చినవాళ్లు 13 లక్షలు. జనం దుప్పట్ల మీద, అట్టల మీద నినాదాలు రాసి తెచ్చేవారు. మొదట్లో యాజమాన్యానికి అది నచ్చక వాటిని లాక్కునేది. 1963 నుంచి ఆ బ్యానర్ల కోసమే ఏటా ఒక రోజు కేటాయించింది. అభిమానులే నెగ్గారు. ఫ్లషింగ్ గణేశుడి గుడికి ఏడో నంబరు రైలులో వెళ్లే మన తెలుగువాళ్లు చివరి స్టేషనుకు ముందు కిటికీలోంచి చూసే మైదానం ఈ చోటే. షే స్టేడియం ఇప్పుడు లేదు. దాని పక్కనే కట్టిన సిటీ ఫీల్డ్‌లో ఆడుతున్నారు.

మళ్లీ 1969కి వస్తే, ఎక్స్‌పోస్ చేతిలో ఓడినప్పుడు మేనేజరు కుర్చీలో ఉన్నది తొలి హోమ్ రన్ కొట్టిన గిల్ హాడ్జెస్సే. ఆగస్టు మధ్యలో జట్టు మొదటి స్థానంలో ఉన్న షికాగో కబ్స్ కంటే పది ఆటలు వెనక ఉంది. సీజన్ ముగిసేనాటికి ఎనిమిది ఆటలు ముందుంది. వంద గెలుపులు, 62 ఓటములు. ఆ 62లో మొదటిది ఏప్రిల్ 8 నాటిది. అక్టోబరులో వరల్డ్ సిరీస్, ప్రత్యర్థి 109 మ్యాచులు గెలిచిన బాల్టిమోర్. అక్కడా మొదటి మ్యాచ్‌లో సీవర్ బంతిని బాల్టిమోర్ మొదటి బ్యాటరే హోమ్ రన్‌గా మలిచాడు, మెట్స్ 4-1తో ఓడింది. తర్వాతి నాలుగూ మెట్స్‌వే. అక్టోబరు 16న షే స్టేడియంలో జనం మైదానంలోకి ఉరికి గడ్డి పెళ్లగించుకుపోయారు.

మరుసటి ఏప్రిల్‌లో, 1970లో, పిట్స్‌బర్గ్‌లో 11 ఇన్నింగ్స్ ఆడి 5-3తో మెట్స్ ఎట్టకేలకు మొదటి మ్యాచ్ గెలిచింది. ఆ ఏడాది 83 గెలుపులతో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. అక్కడి నుంచి పాత లెక్క తిరగబడింది. ప్రారంభ మ్యాచుల్లో అందరికంటే మెరుగైన జట్లలో ఒకటిగా మెట్స్ పేరు తెచ్చుకుంది. 1977లో వేరే జట్టుకు బదిలీ అయిన సీవర్ 1983 మొదటి రోజున తిరిగొచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతను ఆరు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు, ఫిలడెల్ఫియాపై మెట్స్ 2-0తో నెగ్గింది. ఆ సీజన్ ముగిసేసరికి 94 ఓటములతో తన డివిజన్‌లో అట్టడుగున ఉంది.