ఇంటి కంప్యూటర్‌కు వై-ఫై: అనుసంధానంతో పాటు భద్రతా ముఖ్యమే

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడి వైశాలి నగర్ వంటి నివాస ప్రాంతాల్లో ఒక ఇంటి వై-ఫై సంకేతం పొరుగింటి గోడ దాటి వెళ్లడం సహజం. అందువల్ల కంప్యూటర్‌ను వై-ఫైకి అనుసంధానించడం ఎంత అవసరమో, దానికి తాళం వేయడమూ అంతే అవసరం.

అనుసంధానించే విధానం

ల్యాప్‌టాప్‌లలో వై-ఫై సదుపాయం సాధారణంగా ముందే ఉంటుంది. డెస్క్‌టాప్‌లో లేకుంటే యూఎస్‌బీ వై-ఫై అడాప్టర్ అమర్చుకోవాలి. విండోస్ 10, 11లలో తెర దిగువన కుడి మూల ఉన్న నెట్‌వర్క్ గుర్తును నొక్కి, వై-ఫైని ఆన్ చేయాలి. జాబితాలో మీ నెట్‌వర్క్ పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ నమోదు చేయాలి. తొలి పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా రూటర్ అడుగున అంటించిన చీటీపై ఉంటాయి.

రూటర్ ఎక్కడ ఉంచాలి?

ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో ఉంచడం మేలు. ఇనుప బీరువా, కాంక్రీటు గోడలు సంకేతాన్ని బలహీనపరుస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ 2.4 గిగాహెర్ట్జ్ సంకేతానికి ఆటంకం కలిగిస్తుంది. ఈ సంకేతం ఎక్కువ దూరం చేరుతుంది; 5 గిగాహెర్ట్జ్ సంకేతం వేగవంతమైనదే కానీ గోడలు దాటేసరికి త్వరగా క్షీణిస్తుంది.

తాళం వేయడం ఎలా?

బ్రౌజర్‌లో రూటర్ చిరునామా (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1) తెరిచి, రెండు పాస్‌వర్డ్‌లనూ మార్చాలి. ఒకటి వై-ఫైది, మరొకటి రూటర్ అమరికలది. భద్రతా విధానంగా డబ్ల్యూపీఏ3ని, అది లేకుంటే డబ్ల్యూపీఏ2ని ఎంచుకోవాలి. పాతదైన డబ్ల్యూఈపీని సులువుగా ఛేదించవచ్చు. వై-ఫై పాస్‌వర్డ్‌లో కనీసం 8 అక్షరాలు తప్పనిసరి. ఎంత పొడవుగా ఉంటే అంత మంచిది. ఇంటిపేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ వాడరాదు.

ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో 2008లో వెల్లడైంది. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్ వరుస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిల్ జాడ నవీ ముంబైలోని ఒక ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌కు చేరింది. పాస్‌వర్డ్ రక్షణ లేని ఆ వై-ఫైని ఇతరులు వాడుకున్నారని దర్యాప్తులో తేలినా, ఆ ఇంటివారు విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. 2009లో టెలికాం శాఖ వై-ఫై సురక్షిత వినియోగంపై ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

ఇంటర్నెట్ రాకుంటే

అదే వై-ఫైపై ఫోన్‌ను పరీక్షించాలి. ఫోన్‌లోనూ రాకుంటే లోపం రూటర్‌లోనో, బయటి లైన్‌లోనో ఉన్నట్లు. రూటర్‌ను ఆపి, అర నిమిషం తర్వాత మళ్లీ ఆన్ చేయాలి. కంప్యూటర్‌లో మాత్రమే రాకుంటే అందులో నమోదైన నెట్‌వర్క్‌ను తొలగించి, కొత్తగా అనుసంధానించాలి.

అతిథులకు రూటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌ను ఇవ్వడం ఉత్తమం. మీ వై-ఫై వాడుకున్న అద్దెదారులు ఇల్లు ఖాళీ చేసిన రోజే పాస్‌వర్డ్ మార్చడం మరువరాదు.