సిగటోకా తెగులు చరిత్ర: నమోదుల సాక్ష్యం – జన్యు సాక్ష్యం

ఉపోద్ఘాతం:
ఒక తెగులు చరిత్రను నిర్మించేటప్పుడు పరిశోధకునికి మొదట లభించే ఆధారం అది తొలిసారి నమోదైన తేదీ. అయితే తొలి నమోదు, తొలి ఉనికి ఒకటి కావు. అరటి తోటలను పీడించే సిగటోకా ఆకుమచ్చ తెగులు ఈ భేదానికి ప్రబల నిదర్శనం. తెగులు పేరు ఫిజీ దేశంలోని ఒక లోయది. దానికి కారణమైన శిలీంధ్రాల జన్యువులు మాత్రం మరొక కథను వినిపిస్తున్నాయి. ఈ రెండు సాక్ష్యాలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నమోదుల సాక్ష్యం:
పసుపు సిగటోకా కారక శిలీంధ్రాన్ని 1902లో జావా ద్వీపం నుండి జిమ్మర్మన్ వర్ణించాడు. అయినా 1912 ప్రాంతంలో తెగులు ఫిజీలోని సిగటోకా లోయలో విజృంభించడంతో ఆ లోయ పేరే స్థిరపడింది. 1963లో ఫిజీలోనే అంతకంటె ఉద్ధృతమైన నల్ల సిగటోకాను గుర్తించారు. దాని శిలీంధ్రానికి ‘ఫిజియెన్సిస్’ అన్న జాతినామం ఏర్పడింది. ఆపై ఆ తెగులు 1972లో హోండురాస్‌లోను, 1973లో జాంబియాలోను, 1978లో గాబన్‌లోను నమోదైంది. ఈ వరుసను మాత్రమే చూస్తే ఫిజీయే జన్మస్థానమనిపిస్తుంది. కాని 1978లో స్టోవర్, న్యూగినీ–సాలమన్ దీవుల ప్రాంతం దీనికి మూలస్థానం కావచ్చునని ప్రతిపాదించాడు.

జన్యు సాక్ష్యం:
1996లో కార్లియే బృందం వివిధ ఖండాల నల్ల సిగటోకా శిలీంధ్ర సముదాయాల జన్యు వైవిధ్యాన్ని పోల్చి చూసింది. పపువా న్యూగినీ, ఫిలిప్పీన్స్ సముదాయాలలో వైవిధ్యం అత్యధికంగా కనిపించింది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, పసిఫిక్ దీవులలో అది తగ్గింది. అక్కడి జన్యు రూపాలలో అధికభాగం ఆగ్నేయాసియాలోనూ ఉన్నాయి. కొద్దిపాటి శిలీంధ్రం కొత్త నేలకు చేరి అక్కడ విస్తరించినప్పుడు, మూల సముదాయపు వైవిధ్యంలో స్వల్పభాగమే దానితో వెళుతుంది. దీనినే స్థాపక ప్రభావం అంటారు. ఒకే తాళపత్ర ప్రతి నుండి పుట్టిన ప్రతులన్నీ ఆ ప్రతిలోని పాఠాలనే, లోపాలనే మోసుకుపోయినట్లు, కొత్త ఖండాల శిలీంధ్రాలు తమ తొలి రాక ముద్రను మోస్తున్నాయి. 2004లో రివాస్ తదితరులు ఖండాల లోపల సాగిన వ్యాప్తిలో సైతం ఈ ప్రభావాన్ని గుర్తించారు.

వ్యాప్తి మార్గం:
పసుపు సిగటోకా ఖండాంతర వ్యాప్తికి గాలి ప్రవాహాలు కారణమని 1962లో స్టోవర్ భావించాడు. అయితే నల్ల సిగటోకా సిద్ధబీజాలు అతినీలలోహిత కిరణాలకు సుమారు ఆరు గంటలు గురైతే నశిస్తాయని 1998 నాటి ప్రయోగాలు తెలిపాయి. కనుక తోట నుండి తోటకు గాలి మోసుకుపోగలిగినా, మహాసముద్రాలు దాటించినది ప్రధానంగా మనిషి తరలించిన పిలకలు, ఆకులే అనడం సమంజసం. ఈ నిర్ణయానికి ఆచరణలో విలువ ఉంది. గాలిని ఆపలేము, నాటే పిలకల రవాణాను తనిఖీ చేయగలము.

ముగింపు:
కావెండిష్ అరటికి విత్తనం లేదు, పిలకలతోనే వ్యాపిస్తుంది. కనుక తరతరాలకు దాని జన్యురూపం దాదాపు మారదు. శిలీంధ్రం లైంగిక పునరుత్పత్తితో తన జన్యువులను ఎప్పటికప్పుడు కలిపి పంచుకుంటుంది. స్థాపక ప్రభావం వల్ల వైవిధ్యం తగ్గిన చోట్ల కూడా శిలీంధ్రనాశకాలకు నిరోధకత తలెత్తడం ఇందుకు తోడైన ప్రమాదం. దక్షిణ భారతదేశంలో ‘యూముసే’ అనే మూడవ జాతి శిలీంధ్రం కూడా ఉంది. లక్షణాలు ఒకేలా ఉండటం వలన కంటిచూపుతో వీటిని వేరుచేయడం కష్టం. తెలుగు వ్యవసాయ రచనలలో ‘సిగటోకా’ అన్న ఒక్క మాట ఇన్ని శిలీంధ్రాలకు వర్తిస్తుండగా, ఏ తోటలో ఏ జాతి ఉన్నదో జన్యు పరీక్ష నిర్ధారించవలసి ఉంటుంది. పేరు తెగులును మొదట గమనించిన చోటును మాత్రమే చెబుతుంది. అది పుట్టిన చోటును, నడిచిన దారిని శిలీంధ్రపు జన్యువులలోనే చదవాలి.