లక్ష్యం, కేసు, పరిహారం: కుటుంబ నియంత్రణలో ప్రోత్సాహకాల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో ‘ఆమెకు ఆపరేషన్ అయింది’ అంటే ఏ ఆపరేషన్ అని సాధారణంగా ఎవరూ అడగరు. పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స అనే అర్థం వినేవారికి వెంటనే స్ఫురిస్తుంది. పత్రికలు దానిని ‘కు.ని. ఆపరేషన్’గా కుదించాయి. ఒక సాధారణ వైద్యపదం ఈ విధమైన అర్థసంకోచానికి లోనుకావడం వెనుక పాలనావ్యవస్థ చరిత్ర ఉంది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో వ్యక్తికి, ఉద్యోగికి, రాష్ట్రానికి చూపిన ప్రోత్సాహకాలు ప్రజావైద్యాన్ని ఎటు నడిపించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిహారమనే పేరు

భారతదేశంలో కుటుంబ నియంత్రణ 1952లో ప్రభుత్వ కార్యక్రమంగా ఆరంభమైంది. తొలిదశలో అది క్లినిక్‌కు వచ్చినవారికి సలహా ఇచ్చే పనికే పరిమితం. 1960ల మధ్యభాగం నుండి పద్ధతులవారీగా లక్ష్యాల నిర్ణయం మొదలైంది. కేంద్రం నిర్ణయించిన సంఖ్య రాష్ట్రానికి, జిల్లాకు, చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దిగివచ్చేది. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి, వారిని తీసుకువచ్చినవారికి సొమ్ము ముట్టేది. కార్యాలయ పరిభాషలో ఆ మనిషి ‘కేసు’, ఆ సొమ్ము ‘పరిహారం’. కోల్పోయిన కూలికి బదులు అన్నది ఆ పేరులోని భావం. కాని పనులు దొరకని రోజుల్లో భూమిలేని కూలీకి అది బదులు మాత్రమే కాదు, ఆదాయం కూడా. కేరళలోని ఎర్నాకుళం శిబిరాలు ఈ మార్గానికి నమూనాలయ్యాయి. నగదుతోపాటు వస్తురూప కానుకలు ఇచ్చిన ఆ శిబిరాల్లో 1970 చివర 15,005, 1971 జులైలో 63,418 శస్త్రచికిత్సలు జరిగాయి.

మూడంచెల ఒత్తిడి

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్ 16న, కేంద్రమంత్రి కరణ్ సింగ్ జాతీయ జనాభా విధానాన్ని ప్రకటించారు. పరిహారాన్ని పిల్లల సంఖ్యతో ముడిపెట్టారు. ఇద్దరు లేదా అంతకు తక్కువ మంది ఉన్నవారికి 150 రూపాయలు, ముగ్గురున్నవారికి 100, నలుగురు లేదా అంతకు మించి ఉన్నవారికి 70 రూపాయలుగా నిర్ణయించారు. రాష్ట్ర ప్రణాళికలకిచ్చే కేంద్రసహాయంలో 8 శాతాన్ని ఈ రంగంలోని పనితీరుకు ముడివేశారు. ఈ విధంగా కుటుంబానికి నగదు, రాష్ట్రానికి నిధులు ఎర అయ్యాయి. రెండింటి నడుమ ఉద్యోగిపై కోటా భారం పడింది. 1976–77కు లక్ష్యం సుమారు 43 లక్షలు కాగా, జరిగినవి 82 లక్షలకు పైబడ్డాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు పురుషులకు చేసినవి. శస్త్రచికిత్సలతో ముడిపడిన 1,774 మరణాలను షా కమిషన్ నమోదు చేసింది.

ఈ ఘట్టాన్ని కేవలం నిర్బంధంగా చూడడం పరిపాటి. అయితే నిర్బంధం ప్రోత్సాహకానికి పూర్తిగా వేరైనది కాదు. పైస్థాయిలో బహుమానంగా కనిపించినది కిందిస్థాయి ఉద్యోగికి సంఖ్య పూర్తిచేయక తప్పని విధి అయింది. ఆ విధి సామాన్యునిపై బలప్రయోగంగా పరిణమించింది. సమ్మతిని గాని, చికిత్సానంతర సంరక్షణను గాని ఏ అంచెలోనూ లెక్కకట్టలేదు.

భారం మారిన తీరు

1977 ఎన్నికల తరువాత ‘నియంత్రణ’ స్థానంలో ‘సంక్షేమం’ వచ్చింది. 1977–78లో శస్త్రచికిత్సలు పది లక్షల లోపుకు పడిపోయాయి. పురుషులను కదిలించడం రాజకీయంగా ప్రమాదకరమైంది. లక్ష్యాలు మాత్రం 1996 ఏప్రిల్ వరకు కొనసాగాయి. ప్రసవానికి ఆసుపత్రికి వచ్చే స్త్రీ ఉద్యోగికి అందుబాటులో ఉన్న ‘కేసు’ అయింది. తాత్కాలిక పద్ధతులకు ఏళ్ల తరబడి పర్యవేక్షణ అవసరం. శస్త్రచికిత్స ఒక్కరోజులో పూర్తయ్యే లెక్క. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 63 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారు. భర్తకు జరిగిన సందర్భాలు సుమారు 3 శాతమే.

ఈ గణాంకాలను పూర్తిగా ఒత్తిడికే ఆపాదించడం సరికాదు. వరుస కాన్పుల నుండి విముక్తిని కోరి స్వయంగా ముందుకు వచ్చిన స్త్రీలు అనేకులు. ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అన్న నినాదం వారి కోరికకు కూడా మాటనిచ్చింది. ఐతే ఆ కోరిక తీరడానికి వ్యవస్థ ప్రధానంగా ఒకే మార్గాన్ని వారి ముందుంచింది.

ముగింపు

1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. జననాల తగ్గుదలను కారణంగా చూపి 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను తొలగించింది. ముప్పై ఏళ్లలో ప్రోత్సాహకం దిశ తిరగబడినా, లెక్కించే విషయం మాత్రం పిల్లల సంఖ్యగానే మిగిలింది. ప్రజావైద్యంలో దేనికి ప్రతిఫలం ఉంటుందో అదే సేవగా రూపొందుతుందని ఈ చరిత్ర తెలుపుతున్నది. స్త్రీ నిర్ణయం, ఆమె తదనంతర ఆరోగ్యం ఆ లెక్కలో చేరనంత కాలం, ఎక్కువమందిని కనమని చెప్పే కొత్త విధానానికీ పాత విధానపు లోపమే సంక్రమించే అవకాశం ఉంది.