పాంక్రియాటోబ్లాస్టోమా

పాంక్రియాటోబ్లాస్టోమా అనునది చిన్నపిల్లల క్లోమములో పుట్టే అరుదైన కాన్సర్. పెద్దలలో క్లోమ కాన్సర్ సాధారణముగా క్లోమనాళపు పొర నుండి పుడుతుంది. పిల్లలలో ఆ రకము దాదాపు కానరాదు. ఇది ఎక్కువగా ఒకటి నుండి ఎనిమిది సంవత్సరముల వయసులో బయటపడుతుంది. 1957లో బెకర్ వర్ణించిన ఈ కణితికి, 1977లో హోరీ, ఆయన సహచరులు ఇప్పటి పేరు పెట్టారు.

కారణాలు

చాలామందిలో కారణము తెలియదు. బెక్‌విత్-వీడెమాన్ సిండ్రోముతో పుట్టిన శిశువులలో కొందరికి ఇది వచ్చినది. తల్లిదండ్రులు తమ పెంపకమును నిందించుకొనుట సహజమే గాని, అందుకు ఆధారమేమీ లేదు.

లక్షణాలు

కణితి చాలాకాలము బాధ లేకుండా పెరుగుతుంది. పొట్టలో చేతికి తగిలే గడ్డ, కడుపునొప్పి, వాంతులు, బరువు తగ్గుట ముఖ్య లక్షణాలు. పెద్దలలో క్లోమపు కణితి పిత్తనాళమును నొక్కి కామెర్లు కలిగించుట పరిపాటి. ఈ కణితి మెత్తనిదగుటచే పిల్లలలో కామెర్లు అరుదు. కావున కామెర్లు లేనంత మాత్రమున క్లోమమును అనుమానించకుండుట పొరపాటు.

వ్యాధి నిర్ధారణ

మొదట అల్ట్రాసౌండ్, తరువాత సి.టి. లేదా ఎం.ఆర్.ఐ. పరీక్ష చేస్తారు. గడ్డ బాగా పెరిగినప్పుడు అది ఏ అవయవములో పుట్టినదో చెప్పుట కష్టము. మూత్రపిండములో వచ్చే విల్మ్స్ కణితి, న్యూరోబ్లాస్టోమా, కాలేయములో వచ్చే హెపటోబ్లాస్టోమా కూడా ఇదే వయసు పిల్లలలో ఇటువంటి గడ్డగానే కనిపిస్తాయి.

రక్తములో ఆల్ఫా ఫీటోప్రోటీన్ అను మాంసకృత్తు చాలామంది రోగులలో పెరుగుతుంది. అయితే ఇది హెపటోబ్లాస్టోమాలో కూడా పెరుగుతుంది. పైగా నవజాత శిశువులలో సహజముగానే చాలా ఎక్కువగా ఉండి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుచేత శిశువు వయసును చూడక ఈ అంకెను అర్థము చేసుకొనరాదు. తుది నిర్ణయము బయాప్సీదే. సూక్ష్మదర్శినిలో పొలుసు కణములను పోలిన గుండ్రని గుంపులు కనిపించుట ఈ కణితి ప్రత్యేకత.

కౌమార దశలోని బాలికలలో అయితే సాలిడ్ సూడోపాపిల్లరీ కణితిని ముందుగా తలచవలెను. దీనిని 1959లో ఫ్రాంట్జ్ వర్ణించినది. ఇందులో ఆల్ఫా ఫీటోప్రోటీన్ సాధారణముగా పెరగదు; శస్త్రచికిత్సతో చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

చికిత్స

కణితిని సమూలముగా తొలగించుట ప్రధాన చికిత్స. మొదట తీయుటకు వీలుకానప్పుడు, లేదా కాలేయమునకు వ్యాపించినప్పుడు, సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ వంటి మందులతో కుదించి తరువాత శస్త్రచికిత్స చేస్తారు. మొదట ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఎక్కువగా ఉన్నవారిలో చికిత్స ఫలిస్తే అది తగ్గుతుంది. మరల పెరిగినచో వ్యాధి తిరగబెట్టినదని అనుమానించి స్కానింగు చేస్తారు. క్లోమములో ఎక్కువ భాగము తీసివేసిన పిల్లలలో కొందరికి భోజనముతో పాటు జీర్ణ ఎంజైముల గుళికలు ఇవ్వవలసి వస్తుంది. మధుమేహము రాకుండా కనిపెట్టవలసి ఉంటుంది.